క్యాన్సర్ చికిత్సా కాలంలో మతి మసకబారితే

వైద్యానికి నాలుగు పాదాలని చరకాచార్యులు సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో చెప్పినారు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు ఉండవలెనని కూడా అక్కడే నిర్ణయించినారు. రోగికి ఉండవలసిన గుణాలలో మొట్టమొదట లెక్కించినది స్మృతి, అనగా జ్ఞాపకశక్తి. తక్కిన మూడు: చెప్పినట్లు నడచుకొనుట, భయపడకుండుట, తన బాధను ఉన్నది ఉన్నట్లు వైద్యునికి తెలుపగలుగుట.

గురుకులంలో ఈ భాగం వల్లె వేసిన రోజుల్లో, రోగికి ధనమో, బలమో ముందు చెప్పక జ్ఞాపకశక్తిని ఎందుకు చెప్పినారా అని నేను ఆలోచించలేదు. బూర్గంపాడులో వైద్యం చేస్తూ, ఈ మన్యం అంచు గ్రామాల నుంచి క్యాన్సర్ చికిత్సకు హైదరాబాదు వెళ్ళివచ్చే వారిని చూసిన తరువాత దాని అర్థం బాగా బోధపడినది. మందు ఎంత మంచిదైనా, అది ఏ పూట, ఎన్ని రోజులు వేసుకొనవలెనో రోగికి గుర్తుండకపోతే వైద్యానికి ఒక పాదం కుంటుపడినట్లే.

క్యాన్సర్ చికిత్స పొందుతున్న వారిలో చాలామందికి మతి మసకబారినట్లు ఉంటుంది. ఈ సంగతి వారు ఆసుపత్రిలో చెప్పరు, ఇంట్లోనూ చెప్పరు. ప్రాణం నిలబడితే చాలునన్న సమయంలో మరపు గురించి మాట్లాడుట సిగ్గనిపిస్తుంది. అందుచేత ఈ వ్యాసంలో దానిని గురించి వివరంగా మనవి చేస్తాను.

ఇది ఏ విధమైన మరపు?

ఇది ముసలితనపు మతిమరుపు కాదు, పిచ్చి అంతకన్నా కాదు. నోటి చివర ఉన్న మాట బయటికి రాదు. ఉప్పు డబ్బా తీయబోయి, ఎందుకు వచ్చితినా అని వంటింట్లో నిలబడిపోతారు. ఒకరు మాట్లాడుతుంటే సగం దాకా విని, తరువాత ఏమి విన్నారో చెప్పలేరు. పొయ్యి మీద పాలు, చంకలో బిడ్డ, గుమ్మంలో చుట్టం అన్నట్లు రెండు మూడు పనులు ఒక్కసారి వచ్చిపడితే తల తిరిగిపోతుంది. చిల్లర లెక్క తప్పుతుంది. ఆలోచన నడుస్తుంది గాని, బురదలో బండి నడిచినట్లు నడుస్తుంది. చిన్ననాటి సంగతులు, బంధువుల ముఖాలు, తన ఊరు, తన పేరు మాత్రం చెక్కుచెదరవు. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

పూర్వం దీనిని దిగులు వలన కలిగే భ్రమ అని కొట్టిపారవేసేవారు. 1990ల నుంచి ఆధునిక వైద్యులు దీనిపై విస్తృతంగా పరిశోధించి, ఇది వాస్తవంగా ఉన్న ఇబ్బందియేనని అంగీకరించినారు. చాలామందిలో చికిత్స ముగిసిన కొన్ని నెలల నుంచి ఒక సంవత్సరంలోగా మెల్లగా తగ్గుతుంది. కొందరిలో మాత్రం ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. ఎవరిలో ఎంతకాలం ఉంటుందో ముందుగా చెప్పుట సాధ్యం కాదు.

ఎందుకు కలుగుతుంది?

కారణం ఒక్కటి కాదు. కీమోథెరపీ మందులు పెరిగే కణాలను అణచేటప్పుడు శరీరమంతటా వాపును కలిగించే రసాయనాలు పుట్టుతవి. వాటి ప్రభావం మెదడు పనిపై పడుతుంది. క్యాన్సర్ వ్యాధి స్వయంగా కూడా ఇటువంటి రసాయనాలను పుట్టిస్తుంది. అందుచేతనే కొందరికి మందు మొదలుపెట్టక ముందే మసక కనిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ వంటి హార్మోను మాత్రలు, తలకు ఇచ్చే రేడియేషన్, నొప్పికి వాడే మార్ఫిన్, వాంతులు ఆపే కొన్ని మందులు కూడా మగతను, మరపును కలిగించగలవు. వాంతుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర రాత్రి నిద్రను చెడగొట్టుతుంది. నిద్ర లేనివానికి జ్ఞాపకం ఎక్కడిది?

వీటికి తోడు సరిదిద్దదగిన కారణాలు కొన్ని ఉన్నవి. రక్తహీనత, థైరాయిడ్ మాంద్యం, బి12 విటమిన్ లోపం, రక్తంలో సోడియం తగ్గుట, చక్కెర హెచ్చుతగ్గులు, దిగులు. వీటిని రక్తపరీక్షతో, ప్రశ్నలతో కనిపెట్టి సరిచేయవచ్చును. కనుక మరపును ఆసుపత్రి డాక్టర్‌కు తప్పక చెప్పవలెను. చెప్పకపోతే పరీక్ష జరుగదు, పరీక్ష జరుగకపోతే తేలికగా పోయే మసక కూడా పోదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు మరి రెండు కలవు. ఒకటి ఎండ. గోదావరి లోయలో వేసవి తీవ్రత ఎరుగనివారు లేరు. కీమోథెరపీతో వాంతులు, విరేచనాలు అయినవారు ఆ ఎండలో నీరు, లవణం కోల్పోతే తికమక త్వరగా వస్తుంది. రెండవది ప్రయాణం. ఇక్కడి నుంచి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. రాత్రంతా బస్సులోనో, కొత్తగూడెం నుంచి రైలులోనో కూర్చొని పోయి, తెల్లవారి రక్తపరీక్షకు వరుసలో నిలబడి, మందు ఎక్కించుకొని, మళ్ళీ రాత్రి ప్రయాణం చేసినవారికి రెండు రాత్రుల నిద్ర పోతుంది. తరువాత వారం రోజుల మసకలో కొంత పాలు ఈ నిద్రలేమిదే. వీలైనవారు మందు ఎక్కించుకొన్న రాత్రి అక్కడే విశ్రమించి బయలుదేరుట మంచిది.

గోదావరి తీరం బిడ్డ, ఆయుర్వేద కళాశాల ఉపాధ్యాయుడు

కీమోథెరపీ అనగానే అది మనకు పరాయి విద్య అనుకొనేవారు ఉన్నారు. వారికి ఒక సంగతి చెప్పవలెను. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించినారు. యౌవనంలో ఆయనను స్ప్రూ అనే గ్రహణి వంటి వ్యాధి పీడించగా, డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. తరువాత మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించినారు. 1923లో అమెరికా చేరి, ఆపైన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపినారు. ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు ఆయన బృందం నుంచే వచ్చినవి. 1947 చివరలో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు వాడినారు. వారిలో కొందరికి వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. ఆ ఫలితం 1948లో ప్రకటితమైనది. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే ఆగస్టులో పరమపదించినారు.

మెథోట్రెక్సేట్‌ను నేటికీ రక్తక్యాన్సర్‌లోను, మరికొన్ని క్యాన్సర్లలోను వాడుతున్నారు. అధిక మోతాదులో గాని, వెన్నుపాము ద్రవంలోకి గాని ఇచ్చినప్పుడు మెదడుపై ప్రభావం చూపగల మందులలో ఇది ఒకటి. ఇందులో రోగి జ్ఞాపకశక్తికి పరీక్ష వంటిది మరొకటి ఉన్నది. ఈ మాత్రను కొన్ని చికిత్సలలో వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకొనవలెను. మరచిపోయి రోజూ వేసుకొంటే ప్రాణాపాయం. బలానికని ఎవరో ఇచ్చిన ఫోలిక్ ఆమ్లం మాత్రలను డాక్టర్‌కు చెప్పక వేసుకొంటే మందు పని చెడవచ్చును. అట్లే పేగు క్యాన్సర్‌కు, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే క్యాపెసిటాబిన్ మాత్రలను సాధారణంగా 14 రోజులు వేసుకొని 7 రోజులు ఆపుతారు. ఆపవలసిన వారంలో వేసుకొన్నా, వేసుకొన్న పూటనే మరచి మరల వేసుకొన్నా హాని. మసకబారిన మతితో ఇటువంటి లెక్కలను రోగి ఒక్కరే మోయుట క్షేమం కాదు.

ఆయుర్వేద దృష్టిలో

మన శాస్త్రం బుద్ధిని ధీ, ధృతి, స్మృతి అని మూడుగా విభజించినది. తెలుసుకొనేది ధీ, నిలుపుకొనేది ధృతి, తిరిగి తెచ్చుకొనేది స్మృతి. చికిత్సా కాలపు మసకలో ప్రధానంగా దెబ్బతినేవి చివరి రెండు. వివేకం నిలిచియే ఉంటుంది. కనుకనే రోగికి తన లోపం తనకు తెలుస్తూ ఉంటుంది, అదే వారిని ఎక్కువ బాధిస్తుంది.

రసధాతువు క్షీణించినవానికి పెద్ద శబ్దం ఓర్వలేకపోవుట, కొద్ది శ్రమకే అలసట, గుండెదడ కలుగునని చరకం చెప్పుచున్నది. తీవ్రమైన మందులతో ఆకలి చచ్చి, వాంతులై, రక్తం తగ్గినవారిలో ఈ లక్షణాలు అచ్చంగా కనిపిస్తవి. పోషణ తగ్గగా ప్రాణవాయువు చంచలమై, మనస్సు ఒకచోట నిలువదు. పైన ఆధునికులు చెప్పిన కారణాలకు, ఈ వివరణకు పదాలు వేరైనా, చేయవలసిన పని చాలావరకు ఒక్కటే. అగ్నిని నిలుపుట, నిద్రను రక్షించుట, మనస్సుకు భారం తగ్గించుట. ఆసుపత్రి చికిత్సకు ఇవి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కావు.

సంఘం లెక్కల పుస్తకం

కొన్నేళ్ళ క్రితం ఈ మండలంలోని ఒక గ్రామం నుంచి నలభై ఏళ్ళు దాటిన ఒక తల్లి భర్తతో కలిసి వచ్చినది. మిర్చి సాగు చేసుకొనే కుటుంబం. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయి, 21 రోజులకు ఒకసారి కీమోథెరపీ జరుగుతున్నది. మూడు విడతలు ముగిసినవి. నాల్గవదానికి వెళ్ళనని, ఆకుమందు ఇవ్వవలసినదని ఆమె కోరిక.

ఎందుకు వెళ్ళవమ్మా అంటే జుట్టు గురించి గాని, వాంతుల గురించి గాని చెప్పలేదు. ఆమె డ్వాక్రా సంఘం పొదుపు లెక్కలు రాసేది. పదిమంది ఆడవారి డబ్బు. మూడవ విడత తరువాత కూడికలు తప్పినవి. ఒకరు కట్టిన సొమ్ము మరొకరి పేర రాసినది. “డబ్బు కాజేసిందని వెనుక మాట్లాడుకొంటున్నారు అయ్యగారూ. రోగంతో పోయినా ఫరవాలేదు గాని, దొంగ అనిపించుకొని బతకలేను” అన్నది. ఇంట్లో అత్తగారు గాలి సోకినదని తాయెత్తు కట్టించినది.

కనురెప్పల లోపలి భాగం తెల్లగా పాలిపోయి ఉన్నది. రాత్రి రెండు గంటలకు మించి నిద్ర లేదు. వాంతులకు ఇచ్చిన మాత్రల చీటీ చూస్తే, వారు చెప్పిన రోజుల తరువాత కూడా వాడుతున్నట్లు తేలినది. ఈ మూడు సంగతులు కాగితం మీద రాసి ఆసుపత్రి డాక్టర్‌కు చూపమని ఇచ్చి, మందు ఎట్టి పరిస్థితిలోను మానవద్దని చెప్పినాను. చికిత్స సగంలో ఆపితే అణగిన వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఎంతటిదో భర్తకు వివరించినాను. అక్కడ రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తగ్గినట్లు కనిపించగా దానికి చికిత్స చేసినారు, అనవసరమైన మాత్రలు మాన్పించినారు. సంఘంవారితో భర్త స్వయంగా మాట్లాడి, ఇది మందుల వలన కలిగిన మరపని చెప్పి, పుస్తకం దగ్గర ఆమె ప్రక్కన మరొకామెను కూర్చోబెట్టినాడు. తప్పిన లెక్క దొరికినది, సొమ్ము పైసాతో సహా సరిపోయినది.

ఆమె చికిత్స పూర్తి చేసుకొన్నది. మసక తగ్గుటకు ఏడాది దాటినది. నేటికీ కూడిక రెండుసార్లు వేసి చూసుకొంటుంది. ఇందులో ఏ అద్భుత మూలికా లేదు. కారణం వెతుకుట, భారం పంచుకొనుట, ఓర్పు. ఇవే ఆమెకు పనిచేసినవి.

స్మృతికి ఎనిమిది మెట్లు

చరక సంహిత శారీరస్థానం మొదటి అధ్యాయంలో జ్ఞాపకం కలుగుటకు ఎనిమిది కారణాలు చెప్పబడినవి. వాటిని నేను రోగులకు ఎనిమిది ఉపాయాలుగా మార్చి చెబుతుంటాను. ఖర్చు లేనివి, హాని లేనివి.

1. నిమిత్తం: ఒక దానిని చూస్తే దానితో ముడిపడిన మరొకటి తట్టుట. మాత్రను రోజూ తప్పక చేసే పనికి ముడివేయవలెను. ఉదయపు మాత్ర టీ గ్లాసు ప్రక్కన, రాత్రి మాత్ర పళ్ళెం ప్రక్కన ఉండవలెను. బీరువాలో దాచితే గుర్తురాదు.

2. రూపగ్రహణం: ఆకారాన్ని బట్టి గుర్తించుట. చదువురానివారికి ఇది ఎక్కువ ఉపయోగం. అట్ట మీద ఖాళీ అయిన మాత్ర రేకును అంటించి, దాని ఎదుట సూర్యుని బొమ్మ గాని చంద్రుని బొమ్మ గాని గీయవలెను. ఏ మాత్ర పగటిదో, ఏది రాత్రిదో చూడగానే తెలుస్తుంది.

3. సాదృశ్యం: పోలికను బట్టి తట్టుట. ఆసుపత్రిలో కొత్త పేర్లు గుర్తుండకపోతే తెలిసిన పేరుతో జతచేయవలెను. ‘నర్సమ్మ పేరు మా చిన్నక్క పేరే’ అనుకొంటే మరపు రాదు.

4. సవిపర్యయం: భేదాన్ని బట్టి తట్టుట. మాత్ర వేసుకోగానే గ్లాసు బోర్లించవలెను. బోర్లించిన గ్లాసు కనిపిస్తే ఆ పూట మాత్ర అయిపోయినట్లు. మాత్రలు మానవలసిన రోజులను క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో కొట్టివేయవలెను.

5. సత్త్వానుబంధం: మనస్సును ఒకచోట నిలుపుట. ఒకసారి ఒకటే పని. మందుల లెక్క చూసేటప్పుడు టీవీ కట్టివేయవలెను. డబ్బు, భూమి కాగితాలు, సంతకాలు, వేలిముద్రలు వంటి పనులను మతి తేటగా ఉండే పూటకు పెట్టుకొనవలెను. అనేకులకు ఇది ఉదయం. మందు ఎక్కించిన వారంలో అటువంటి పనులు వద్దు.

6. అభ్యాసం: రోజూ కొద్దిసేపు మనస్సుకు పని చెప్పుట. వచ్చిన పద్యమో, కీర్తనో చెప్పుకొనుట, చిక్కుల ముగ్గు వేయుట, అష్టాచెమ్మా, పులిజూదం ఆడుట, సంత సరకుల జాబితా ముందు నోట చెప్పి తరువాత రాసి చూసుకొనుట. పావుగంట చాలు. అలసట రాగానే ఆపవలెను.

7. జ్ఞానయోగం: తత్త్వం తెలియుట. ఇక్కడి మట్టుకు, ఈ మందు ఎందుకు, ఈ మరపు ఎందుకు అని తెలుసుకొనుటగా గ్రహించవచ్చును. అర్థమైన సంగతి అర్థం కాని దానికన్నా నిలుస్తుంది, భయమూ తగ్గుతుంది.

8. పునఃశ్రుతం: మరల వినుట. మా విద్యాభ్యాసమంతా దీని మీదనే నడిచినది. గురువు చెప్పినది శిష్యుడు తిరిగి చెప్పవలెను. అదే విధంగా డాక్టర్ చెప్పిన మాటను రోగి గాని, వెంట వచ్చినవారు గాని అక్కడికక్కడే తిరిగి చెప్పి, సరియేనా అని అడుగవలెను. డాక్టర్ అనుమతితో సెల్‌ఫోన్‌లో మాట రికార్డు చేసుకొని ఇంటికి వచ్చి వినుట ఇంకా మేలు.

ఆసుపత్రి కాగితాలన్నీ ఒకే సంచిలో, నీరు చొరని కవరులో ఉంచవలెను. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటి, వంతెనపై రాకపోకలు నిలిచి, మన గ్రామాలు ముంపులో చిక్కుకొన్న సంగతి అందరికీ తెలుసు. అటువంటి వేళ చికిత్స చీటీలు పోతే, రోగి నోటి నుంచి వివరాలు రాబట్టుట కష్టం. చీటీలను ఫోనులో ఫోటో తీసి, ఊరు వెలుపల ఉన్న బంధువుకు కూడా పంపి ఉంచుట మంచిది.

ఆహారం, నిద్ర, నడక

ఆహారం వేడిగా, తేలికగా, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తీసుకొనవలెను. పెసరకట్టు, రాగిజావ, మెత్తగా ఉడికిన అన్నం, బాగా ఉడికిన ఆకుకూర పప్పు యోగ్యమైనవి. మాంసాహారం తినేవారికి మాంసరసాన్ని మన శాస్త్రం బలకరమని చెప్పినది. బాగా ఉడికిన గ్రుడ్డు కూడా మంచిది. మరిగించి చల్లార్చిన నీరు త్రాగవలెను. ఎండాకాలంలో దాహం వేయకపోయినా గంటగంటకు కొద్దిగా త్రాగవలెను. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత నీరు త్రాగవలెనో డాక్టర్‌ను అడుగవలెను. తెల్లకణాలు తగ్గిన రోజులలో పచ్చి కూరలు, కోసి ఉంచిన పండ్లు, బజారు రసాలు కూడదు. పెరుగు, మజ్జిగ విషయం కూడా అడిగి తెలుసుకొనవలెను. ఈ కాలంలో ఉపవాసాలు వద్దు. దేవుడు ఆ మినహాయింపు ఇస్తాడు.

నిద్ర విషయం. స్టెరాయిడ్ మాత్రను ఉదయం పూట వేసుకొనవచ్చునా అని డాక్టర్‌ను అడుగవలెను. పగటి కునుకు అరగంటకు మించకూడదు. పడుకొనేముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళకు మృదువుగా పాదాభ్యంగం చేస్తే మనస్సు కుదుటపడుతుంది. కొన్ని మందుల వలన పాదాలకు తిమ్మిరి పట్టి వేడి తెలియదు. కనుక నూనె వేడిని రోగి కాదు, పరిచారకుడు తన చేతితో చూడవలెను. చర్మం పగిలినచోట, పుండ్లు ఉన్నచోట నూనె వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గినవారికి ఒత్తి మర్దించరాదు. శిరోధార, నస్యం, పంచకర్మలు చికిత్సా కాలంలో అసలే కూడవు.

నడక ఈ మసకకు మంచి మందు. వ్యాయామం ఆలోచనా శక్తికి, అలసటకు మేలు చేస్తుందని ఆధునిక పరిశోధనలు కూడా చెప్పుచున్నవి. చల్లని పూట పది నిమిషాలతో మొదలుపెట్టి, ఓపికను బట్టి పెంచవలెను. తల తిరిగినా, ఆయాసం వచ్చినా ఆపి డాక్టర్‌కు చెప్పవలెను. నడిచేటప్పుడు తోడుగా ఒకరు ఉండవలెను.

ఆకుపసరుల విషయంలో జాగ్రత్త

ఇక్కడ పాఠకులు నన్ను అడుగబోయే ప్రశ్న నాకు తెలుసు. మేధ్య రసాయనాలు ఉన్నవి కదా, అవి ఎందుకు చెప్పలేదు అని. సరస్వతి ఆకు, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అని చరకం నాలుగు మేధ్య రసాయనాలను పేర్కొన్న మాట నిజం. వాటిపై నాకు గౌరవం తగ్గలేదు. అయినా కీమోథెరపీ జరుగుతున్న శరీరం వేరు. అక్కడ కాలేయం, మూత్రపిండాలు, తీవ్రమైన మందులను విరిచి బయటికి పంపుటలో నిమగ్నమై ఉంటవి.

సరస్వతి ఆకు తడి గట్ల వెంబడి, బురదలో పెరుగుతుంది. దాని పచ్చి పసరులో ఉండే క్రిములు తెల్లకణాలు తగ్గినవారికి ప్రాణాంతకం కావచ్చును. అతిమధురం ఎక్కువైతే పొటాషియం తగ్గి, రక్తపోటు పెరుగుతుంది. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను ముంబయి వైద్యులు 2021లో ప్రకటించినారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. వివాదం ఎట్లున్నా, చికిత్స మధ్య దానిని వాడుట వివేకం కాదు. అశ్వగంధ కొందరిలో కాలేయాన్ని బాధించగలదు, థైరాయిడ్‌ను మార్చగలదు. మిరియాల సారం చేర్చిన పసుపు మాత్రలు ఇతర మందులు రక్తంలో చేరే లెక్కను మార్చవచ్చును. కూరలో వేసే చిటికెడు పసుపుకు, రెండు మిరియాలకు భయం లేదు. రసభస్మాలు, ఊరూపేరూ లేని పొట్లాలు దగ్గరికి రానీయవద్దు.

ఏ మూలికనైనా క్యాన్సర్ డాక్టర్‌కు పేరు చెప్పి, ఆయన సరేనన్న తరువాతనే. దాచిపెట్టి వాడవద్దు. చికిత్స ముగిసి, రక్తపరీక్షలు కుదుటపడిన తరువాత రసాయన ప్రయోగానికి కాలం ఉన్నది. నేను అప్పుడే ఆలోచిస్తాను. బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు తీస్తున్నారని విని, పెరటి చెట్టు ఆకులు నమిలేవారు అక్కడక్కడ ఉన్నారు. ఆ ఆకులో విషపదార్థాలు ఉన్నవి. ఆసుపత్రిలో ఇచ్చేది శుద్ధిచేసి, తూచి, నరంలోకి ఎక్కించే మందు. ఆకుతో దానికి పోలిక లేదు.

ఇది మసక కాదు, ప్రమాదం

మతి మసక మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది. గంటలలోనో, ఒక్క రోజులోనో వచ్చిపడే తికమక వేరు. ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా చిట్కాలు చూస్తూ కూర్చొనక వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరుట. మనుషులను, చోటును గుర్తించలేకపోవుట. లేపినా లేవని మగత. మూర్ఛ. ఒకవైపు కాలు చేయి పడిపోవుట, మూతి వంకరపోవుట, మాట ముద్దగా వచ్చుట. ఎన్నడూ లేని తీవ్రమైన తలనొప్పి, దానితో వాంతులు. ఆగని వాంతులు, విరేచనాలు.

మన ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉన్నది. కీమోథెరపీలో ఉన్నవారికి జ్వరంతో పాటు తికమక వస్తే అది రక్తంలో క్రిమిదోషం కావచ్చును, మెదడుకు ఎక్కిన మలేరియా కావచ్చును. రెండింటిలోను గంటలు విలువైనవి. కీమోథెరపీ జరుగుతున్నదన్న సంగతి అక్కడి డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పవలెను.

పరిచారకులకు మనవి

పరిచారకునికి చరకం చెప్పిన నాలుగు గుణాలు: సేవ చేయు విధం తెలిసియుండుట, నేర్పు, రోగిపై అనురాగం, శుచిత్వం. రోగి స్మృతి తగ్గినప్పుడు దానిని పరిచారకుడే తన భుజాన వేసుకొనవలెను. అయితే మోసే విధం ఒకటి ఉన్నది. “ఇప్పుడే చెప్పితిని కదా, చెవులు లేవా” అనవద్దు. మాటకు తడుముకొంటున్నప్పుడు తొందరపడి అందించక, కొంచెం ఆగవలెను. అడిగిన మాటనే నాలుగుసార్లు అడిగినా, మొదటిసారి చెప్పినట్లే చెప్పవలెను. పదిమందిలో మరపును చూపి నవ్వవద్దు. అట్లని ఇంటి పనులన్నీ వారి చేతిలో నుంచి లాగివేసికొనుట కూడా మంచిది కాదు. చేయగల పనిని చేయనిచ్చి, డబ్బు, మందులు, పొయ్యి, బండి నడుపుట వంటి వాటిలో మాత్రం రెండవ మనిషి చూపు ఉండవలెను. దిగులు వారాల తరబడి విడువకపోయినా, బ్రతుకు మీద విసుగు మాటలు వినిపించినా, అది గుణం కాదు, చికిత్స చేయవలసిన జబ్బు. డాక్టర్‌కు చెప్పవలెను.

రోగులైన సోదరీ సోదరులకు ఒక్క మాట. మరపు వచ్చినదని మందు మానవద్దు, మరపు వచ్చినదని దాచవద్దు. రోగికి ఉండవలసిన నాలుగు గుణాలలో మొదటిది కొంతకాలం తగ్గినా, తన బాధను ఉన్నది ఉన్నట్లు చెప్పుట అనే నాల్గవది మీ చేతిలోనే ఉన్నది. రేపు ఆసుపత్రికి బయలుదేరే ముందు ఈ వారంలో ఏమేమి మరచినారో, ఏ పూట ఎక్కువగా ఉన్నదో, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయినారో ఒక కాగితం మీద రాయించి, చీటీలతో పాటు సంచిలో పెట్టుకొని వెళ్ళండి. డాక్టర్‌గారి ముందు ఆ కాగితమే మొదట తీయండి.